ఒపీనియన్: మంచి ఫిష్ టాకో ఎక్కడుందో మీ ఫోన్‌కి తెలియదు... కానీ అడిగి పెట్టగలదు

రాత్రి 8 గంటలు. నా చేతిలో 4.7 స్టార్ల టాకో ఉంది. తినబుద్ధి కావట్లేదు.

పైన పిండి మెత్తబడిపోయింది, లోపల చేప చల్లగా ఉంది. మెనూ మొత్తం ఇంగ్లిష్‌లో ఉంది, బిల్లు డాలర్లలో వచ్చింది. చుట్టూ చూస్తే ప్రతి టేబుల్ మీదా మాలాగే ఫోన్ పట్టుకున్న టూరిస్టులే. ఆ హోటల్లో స్పానిష్ మాట్లాడుతున్నది వెయిటర్లు మాత్రమే.

ఊరేమో ఎన్సెనాడా. మెక్సికోలో బాహా కాలిఫోర్నియా తీరం మీద, టిజువానాకి సుమారు 100 కిలోమీటర్ల దక్షిణాన ఉంటుంది. ఫిష్ టాకోకి పుట్టినిల్లు మాదేనని చెప్పుకునే ఊళ్లలో ఇదొకటి. 2015లో యునెస్కో దీన్ని గ్యాస్ట్రానమీ సిటీల లిస్టులో చేర్చింది. అలాంటి ఊళ్లో దిగి, మొదటి పూటే ఇంత చెత్త టాకో తిన్నామంటే తప్పు ఊరిది కాదు. తప్పు నాది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, నేను ఫోన్ వాడిన పద్ధతిది.

ఈ సైట్‌లో మనం ఎప్పుడూ ఫోన్లకి రేటింగ్ ఇస్తుంటాం. ఈసారి ఫోన్ ఇచ్చే రేటింగ్ గురించి మాట్లాడుకుందాం. నా అభిప్రాయం సింపుల్: తెలియని ఊళ్లో తిండి విషయంలో ఫోన్‌ని అడగడానికి వాడండి, తీర్పు చెప్పడానికి వాడకండి. ఈ రెండింటి మధ్య తేడా నాకు రెండు రోజుల్లో, కొంచెం భయపడి మరీ, అర్థమైంది.

అసలు అక్కడికి ఎలా వెళ్లాం

గత ఆగస్టులో ఆఫీస్ పని మీద ఆరు వారాలు శాన్ డియేగోలో ఉన్నాను. నాతోపాటు మా టీమ్‌లోనే పనిచేసే ఫ్రెండ్ ఒకడు. పాస్‌పోర్ట్‌లో వ్యాలిడ్ అమెరికా వీసా ఉంటే టూరిస్టుగా మెక్సికో వెళ్లడానికి వేరే వీసా అక్కర్లేదు. ఒక శనివారం బోర్డర్ నడిచి దాటి, టిజువానాలో బస్సెక్కి, సముద్రం పక్కనే వెళ్లే రోడ్డు మీద ఎన్సెనాడా చేరాం.

శాన్ డియేగోలో ఫిష్ టాకో దొరకదా అంటే, వీధికొకటి దొరుకుతుంది. 1983లో రాల్ఫ్ రూబియో అనే ఆయన బాహాలోని శాన్ ఫెలిపేలో తిన్న టాకోని గుర్తుపెట్టుకుని శాన్ డియేగోలో చిన్న షాపు పెట్టాడు. అక్కడి నుంచే అమెరికాలో దానికి అంత పాపులారిటీ. కానీ కాపీ తిన్నాక ఒరిజినల్ తినాలని ఎవరికి ఉండదు చెప్పండి?

ఒక విషయం ముందే చెప్పాలి. మా ఫ్రెండ్‌కి రొయ్యలు పడవు. మామూలు దురద కాదు. ఇంటర్ చదివేటప్పుడు ఒక పెళ్లిలో తెలియక రొయ్యల వేపుడు నోట్లో పెట్టుకుని, ఆ రాత్రంతా ఆసుపత్రిలో ఉన్నాడు. చేప తినొచ్చని డాక్టర్ చెప్పాడు, రొయ్య మాత్రం ముట్టకూడదు. వాడి బ్యాగ్‌లో ఎప్పుడూ ఇంజెక్షన్ ఉంటుంది. అలాంటివాడితో సీఫుడ్ ట్రిప్ ఏంట్రా అని అడిగితే, "చేప టాకో కోసం వస్తున్నా, రొయ్యల సంగతి నీ ఫోన్ చూసుకుంటుంది" అన్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి.

4.7 అంటే ఏంటో నాకు తెలుసు, అయినా బోల్తా పడ్డా

బీటెక్ అయ్యాక నేను పనిచేస్తున్నది సాఫ్ట్‌వేర్‌లోనే. అందులో రెండేళ్లు ఒక షాపింగ్ యాప్‌కి సెర్చ్ ర్యాంకింగ్ రాశాను. కాబట్టి స్టార్లు ఎలా పుడతాయో నాకు బాగా తెలుసు. తెలిసీ మోసపోయినందుకే ఎక్కువ కోపం వచ్చింది.

మొదటి సమస్య, స్టార్లు ఎవరిస్తున్నారు? ఎన్సెనాడా పెద్ద క్రూయిజ్ పోర్ట్. కాలిఫోర్నియా నుంచి ఓడలు వస్తాయి, జనం కొన్ని గంటలు దిగుతారు, మెయిన్ స్ట్రీట్‌లో తింటారు, ఎక్కి వెళ్లిపోతారు. వాళ్లు స్టార్లు ఇచ్చేది టేబుల్ క్లీన్‌గా ఉందా, ఇంగ్లిష్ వచ్చా, కార్డు తీసుకున్నారా అనేవాటికి. అవి తప్పు కాదు. కానీ చేప ఎలా ఉందో చెప్పడానికి వాళ్ల దగ్గర పోల్చుకునే ఇంకో టాకో లేదు. మీ ఇంటి సందు చివర ఇడ్లీ బండికి మీరు ఎప్పుడైనా రివ్యూ రాశారా? రోజూ తినేవాడు రాయడు. ఒక్కసారి తిన్నవాడే రాస్తాడు.

రెండోది, పైన ఉన్నది ఇంకా పైకి వెళ్తుంది. లిస్టులో మొదట కనపడేదాన్నే ఎక్కువమంది నొక్కుతారు. నొక్కినవాళ్లే వెళ్తారు, వెళ్లినవాళ్లే రివ్యూ రాస్తారు, ఆ రివ్యూలతో అది మళ్లీ పైన ఉంటుంది. మా టీమ్‌లో దీన్ని తగ్గించడానికి నెలల తరబడి కొట్టుకున్నాం. పూర్తిగా పోదు. కొత్త షాపుకి, పేరు బోర్డు కూడా లేని బండికి ఈ ఆటలో ఛాన్సే ఉండదు.

మూడోది తిండికి మాత్రమే ఉన్న సమస్య. ఫోన్ రివ్యూలో ఫోన్ పొద్దునా అదే, సాయంత్రం అదే. టాకో అలా కాదు. పొద్దున 11కి పోర్ట్ నుంచి వచ్చిన చేపతో చేసిన టాకో, రాత్రి 8కి మిగిలినదాన్ని మళ్లీ వేయించిన టాకో, యాప్‌లో రెండింటికీ ఒకటే నంబర్. ఈ తీరంలో సీఫుడ్ బళ్లు చాలావరకు పొద్దున మొదలై మధ్యాహ్నం దాటాక కట్టేస్తాయి. అక్కడ సీఫుడ్ అంటే పగటి తిండి. నేను రాత్రి 8కి "ఇప్పుడు ఓపెన్‌లో ఉన్నవి" అని ఫిల్టర్ పెట్టాను. అంటే అసలు మంచివాటిని నేనే, నా వేలితోనే, లిస్టులోంచి తీసేశాను!

మా అమ్మ రివ్యూ, లైవ్‌లో

రెండో రోజు పొద్దున పద్ధతి మార్చాం. టాకో వెతకడం మానేసి చేప ఎక్కడ దిగుతుందో వెతికాం. అది చాలా ఈజీ. ఎన్సెనాడా చేపల మార్కెట్ పోర్ట్ పక్కనే ఉంటుంది. పాత అలవాటు ప్రకారం జనం దాన్ని ఇప్పటికీ మెర్కాదో నెగ్రో, అంటే బ్లాక్ మార్కెట్ అనే పిలుస్తారు. ట్యూనా, ఎల్లోటెయిల్, మస్సెల్స్, ఆల్చిప్పలు, పొగబెట్టిన మార్లిన్ చేప... ఐసు మీద వరసగా పరిచి ఉన్నాయి.

మాది వైజాగ్. చిన్నప్పుడు అమ్మతో ఫిషింగ్ హార్బర్‌కి సంచి మోసుకుంటూ వెళ్లినవాణ్ని. కానీ చేప ఎంచడం ఎప్పుడూ అమ్మ పనే, నాది మోయడమే. అక్కడ పొద్దున 10 అంటే ఇక్కడ రాత్రి 10:30. వీడియో కాల్ చేశాను.

"ఏటిరా అది, అంత పెద్ద సేప? కళ్లు సూపించు. దగ్గరగా పెట్టు ఫోను."

పెట్టాను.

"కళ్లు బానే మెరుస్తున్నాయి. మొప్పలెత్తమను. ఎర్రగా ఉన్నాయా, గోధుమరంగా? వేలితో నొక్కు, గుంట పడితే వద్దు."

నేను సైగ చేస్తే ఆ మార్కెట్ ఆయన నవ్వుతూ మొప్ప ఎత్తి కెమెరా ముందు పెట్టాడు. అమ్మ పాస్ చేసింది. పక్క షాపులో ఒక చేపని మాత్రం స్క్రీన్‌లో చూస్తూనే ఫెయిల్ చేసింది. ఇది విని మార్కెట్ ఆయనకి మేం నిజంగా చేప తెలిసినవాళ్లమనిపించిందో ఏమో, ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ పెట్టి "మీరు మధ్యాహ్నం ఎక్కడ తింటారు?" అని అడిగితే, ఎదురు సందులోకి చెయ్యి చూపించాడు.

ఆ ట్రిప్‌లో నా ఫోన్ చేసిన మొదటి మంచి పని అదే. ఫోన్ తనంతట తాను ఏదీ రికమెండ్ చేయలేదు. తెలిసిన ఇద్దరు మనుషుల్ని, పన్నెండున్నర గంటల టైమ్ తేడాలో ఉన్నవాళ్లని, ఒక చేప ముందు కలిపింది.

మెనూలో లేని కప్పు

ఆయన చూపించింది నీలం టార్పాలిన్ కింద ఉన్న చిన్న సీఫుడ్ షాపు. ప్లాస్టిక్ కుర్చీలు. బయట బోర్డు మీద మారిస్కోస్ అని ఉంది, అంటే సీఫుడ్. నేను కూర్చోగానే కెమెరా ట్రాన్స్‌లేషన్ ఆన్ చేసి మెనూ మొత్తం స్కాన్ చేశాను. కమరోన్ అంటే రొయ్య. అది ఉన్న ప్రతి లైనూ ఫ్రెండ్‌కి చూపించి, "ఇవి తప్ప ఏదైనా చెప్పు" అన్నాను. మంచి టెక్నాలజీ, పక్కా ప్లాన్, నాకు నేనే భుజం తట్టుకున్నాను.

ఆర్డర్ ఇంకా చెప్పలేదు. ఒకావిడ రెండు చిన్న కప్పులు తెచ్చి ముందు పెట్టింది. ఎర్రగా, పొగలు కక్కుతూ ఉన్న చారు. ఫ్రీ.

"మన రసం లాగే ఉందిరా" అని వాడు కప్పు ఎత్తాడు.

అప్పుడు నాకు వాసన తగిలింది. ఎండు రొయ్యల వాసన. మా వీధిలో పెరిగినవాడెవడూ మర్చిపోలేని వాసన. "రేయ్, ఆగు!" అని అరిచాను. కప్పు పెదవి దగ్గర ఆగింది.

తర్వాత తెలిసింది, మెక్సికోలో చాలా సీఫుడ్ షాపుల్లో కూర్చోగానే రొయ్యల చారు ఒక కప్పు ఉచితంగా ఇవ్వడం మామూలే. మర్యాద అది. మన దగ్గర మంచినీళ్లు పెట్టినట్టు. ఫ్రీగా ఇచ్చేది కాబట్టి మెనూలో ఉండదు. మెనూలో లేనిదాన్ని ఏ కెమెరా ట్రాన్స్‌లేట్ చేస్తుంది?

నా చేతులు వణికాయి, నిజం చెప్తున్నా. ట్రాన్స్‌లేటర్ ఓపెన్ చేసి టైప్ చేశాను: నా ఫ్రెండ్‌కి రొయ్యలు తింటే ప్రాణం మీదకి వస్తుంది, చేప తినొచ్చు, మీరు రొయ్యలూ చేపా ఒకే నూనెలో వేయిస్తారా? ఆవిడకి స్క్రీన్ చూపించాను. చదివింది. వెంటనే రెండు కప్పులూ తీసేసింది, టేబుల్ తుడిచింది, వెనక్కి వెళ్లి వేయించే అతనితో మాట్లాడి తిరిగొచ్చింది. నా ఫోన్ తీసుకుని మైక్ నొక్కి చెప్పింది. స్క్రీన్ మీద వచ్చిన ఇంగ్లిష్‌కి తెలుగు ఇది: నూనె ఒకటే. కత్తి పీట కూడా ఒకటే. ఈ అబ్బాయి ఇక్కడ తినకూడదు.

తర్వాత ఫోన్ వదిలేసి, చేత్తోనే దారి చూపించింది. రెండు వీధుల అవతల, చేప తప్ప ఏమీ వేయించని ఒక బండి ఉంది.

ఆదివారం పొద్దున, కూర్చున్న ఇద్దరు కస్టమర్లని ఆవిడ లేపి వేరే బండికి పంపింది. ఆ షాపుకి యాప్‌లో ఎంతుందో తర్వాత చూశాను. 4.1. కింద ఒకరు "సర్వీస్ స్లో" అని ఒక స్టార్ ఇచ్చారు. రాత్రి మేం తిన్న 4.7 హోటల్లో మెనూ చూపిస్తూ ఇదే అడిగితే, వెయిటర్ వంటగది వైపు తిరిగి కూడా చూడకుండా "నో ప్రాబ్లం, నో ప్రాబ్లం" అన్నాడు. వాడు ఆ రాత్రి అన్నం, బీన్స్ మాత్రమే తిన్నాడు కాబట్టి బతికిపోయాడు. ఈ తేడా ఏ స్టార్‌లో దూరుతుంది?

మరి ఆ బండి దగ్గర

బండికి పేరు లేదు. మ్యాప్‌లో లేదు. ఒక పెద్ద మూకుడు, ఒక మనిషి, ముందు పది మంది. చాలామంది పని బట్టల్లో ఉన్నారు. మళ్లీ అదే స్క్రీన్ చూపించాను. ఆయన మూకుడు వైపు, చేప ముక్కల గిన్నె వైపు చూపించి "సోలో పెస్కాడో" అన్నాడు. చేప మాత్రమే.

బాహా ఫిష్ టాకో చేసే పద్ధతి చూస్తే మీకు మన బజ్జీ బండే గుర్తొస్తుంది. వేలెడంత చేప ముక్కని జారుగా కలిపిన మైదాలో ముంచి, కాగిన నూనెలో వదులుతారు. తీసి వేడి మొక్కజొన్న టోర్టియాలో పెడతారు. ఆ తర్వాత పని మనది. సన్నగా తరిగిన క్యాబేజీ, టమాటా ఉల్లిపాయ ముక్కలు, తెల్లటి క్రీమ్, రెండు మూడు రకాల సాల్సా, నిమ్మకాయ... గిన్నెల్లో పెట్టి ఉంటాయి, ఎవరికి కావాల్సింది వాళ్లు వేసుకోవాలి. అందులో ఒకటి సాల్సా మాచా. ఎండుమిర్చి, పల్లీలు, వెల్లుల్లి నూనెలో వేయించి నూరింది. మన పల్లీకారాన్ని నూనెలో ముంచినట్టుంటుంది. మా వాడు దాన్ని చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేశాడు.

ఒక్కోటి 35 పెసోలు ఇచ్చాం. వాడు ఐదు తిన్నాడు, నేను ఆరు. బజ్జీకి ఉన్న రూలే దీనికీ ఉంది: మూకుడు పక్కన నిలబడి తినాలి. పార్శిల్ కట్టించుకుంటే పది నిమిషాల్లో మా మొదటి రాత్రి టాకో అయిపోతుంది. కాబట్టి ఫొటో ఒకటి తీసి ఫోన్ జేబులో పెట్టేయండి. నైట్ మోడ్, మాక్రో, పోర్ట్రెయిట్... అన్నీ ట్రై చేసేలోపు చేప చల్లారిపోతుంది.

స్టార్లు పూర్తిగా వేస్టా? కాదు

ఇప్పుడు మీరు అడగొచ్చు, "లోకల్ బండి గొప్ప, యాప్ చెత్త, ఇంతేనా?" అని. కాదు. అదీ ఒక రకం మోసమే.

ఎన్సెనాడా మెయిన్ స్ట్రీట్‌లోనే లా గెరెరెన్సే అనే బండి ఉంది. 1960 నుంచి నడుస్తోంది. సబీనా బాందేరా అనే ఆవిడ దాన్ని ప్రపంచమంతా తెలిసేలా చేసింది. సముద్రపు అర్చిన్, ఆల్చిప్పల మాంసం కరకరలాడే టోస్టాడా మీద పెట్టి ఇస్తారు. దానికి రేటింగూ ఉంది, టూరిస్టులూ ఉన్నారు, తిండీ అద్భుతంగా ఉంది. టూరిస్టులు ఉన్నంత మాత్రాన చెడ్డది అయిపోదు.

అలాగే రెండో రోజు సాయంత్రం 4కి, ఖాళీగా ఉన్న ఒక లోకల్ బండి దగ్గర నేను ఆగ్వాచిలే తిన్నాను. పచ్చి రొయ్యల్ని నిమ్మరసం, పచ్చిమిర్చి రసంలో కలిపి ఇచ్చేది. ఎండలో ఎంతసేపుందో తెలియదు. రాత్రంతా బాత్రూమ్‌లోనే గడిపాను. బండి లోకలే, తప్పు టైమ్‌ది. పైగా మెక్సికో పసిఫిక్ తీరంలో సుమారు మార్చి నుంచి సెప్టెంబర్ దాకా సముద్రపు రొయ్యల వేట నిషేధం. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట ఆపినట్టే, వాళ్లదీ గుడ్లు పెట్టే కాలం. ఆగస్టులో దొరికేది చెరువు రొయ్యో, ఫ్రీజర్ రొయ్యో అయ్యుంటుంది. అది చెడ్డదేం కాదు, కానీ "ఇవాళ పట్టింది" అని ఎవరైనా అంటే నమ్మక్కర్లేదు. ఏ సీజన్‌లో ఏది దొరుకుతుందో వెళ్లే ముందు ఫోన్‌లో ఐదు నిమిషాలు చదివినా నాకు తెలిసేది.

రాత్రి ఒంటరిగా తిరిగే అమ్మాయిలకి, పిల్లలతో వెళ్లేవాళ్లకి రివ్యూలు నిజంగా అవసరం. వీధిలో లైట్లున్నాయా, టాయిలెట్ ఉందా, షాపు అసలు మూతపడిందా... ఇలాంటి నిజాలు చెప్పడంలో రివ్యూలు బాగా పనికొస్తాయి. రుచికి మార్కులు వేసేటప్పుడే వాటిని నమ్మకండి.

మీ ఫోన్‌ని ఇలా సెట్ చేసుకోండి

ఇదంతా చదివి "సరే, ఏం చేయమంటావ్" అనేవాళ్ల కోసం, నేను ఇప్పుడు ఏ సముద్రతీరానికి వెళ్లినా చేసేవి ఇవి:

1. ఆ ఊరి ఆఫ్‌లైన్ మ్యాప్, ఆ భాష ఆఫ్‌లైన్ ప్యాక్ హోటల్ వైఫైలోనే డౌన్‌లోడ్ చేసుకోండి. ఈసిమ్ ఉన్నా సరే. బండి ముందు నిలబడ్డప్పుడే సిగ్నల్ పోతుంది.

2. సెర్చ్ వాళ్ల భాషలో చేయండి. "సీఫుడ్ రెస్టారెంట్" అని ఇంగ్లిష్‌లో కొడితే ఇంగ్లిష్ బోర్డులే ఎక్కువ వస్తాయి. వాయిస్ టైపింగ్‌ని స్పానిష్‌కి మార్చి "మారిస్కోస్" అనండి. లిస్టే మారిపోతుంది.

3. స్టార్ల కంటే రద్దీ గ్రాఫ్ చూడండి. ఏ గంటలో ఎంత జనం ఉంటారో చూపించే ఆ బార్లు మనుషులు నిజంగా చేసిన పని నుంచి వస్తాయి, చెప్పిన మాటల నుంచి కాదు. మంగళవారం మధ్యాహ్నం కూడా నిండే షాపు ఊరివాళ్లది. వీకెండ్‌లో, ఓడ వచ్చిన రోజుల్లో మాత్రమే నిండితే అది టూరిస్టులది.

4. రివ్యూలని "కొత్తవి ముందు" అని పెట్టి, కస్టమర్లు తీసిన ఫొటోలు మాత్రమే చూడండి. మూకుడులో నూనె రంగు, చేప ముక్క సైజు అక్కడ దాగవు. 4.8 పక్కన 30 రివ్యూలుంటే దాని కంటే 4.3 పక్కన 3,000 ఉన్నదే ఎక్కువ చెప్తుంది.

5. అలర్జీ ఉంటే వాక్యాన్ని ముందే ట్రాన్స్‌లేట్ చేసి, దాన్ని మళ్లీ వెనక్కి తెలుగులోకో ఇంగ్లిష్‌లోకో మార్చి సరిచూసి, పెద్ద అక్షరాల్లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. "ఇందులో రొయ్య ఉందా" అని మాత్రమే అడిగితే సరిపోదు, "నూనె, కత్తి పీట ఒకటేనా" అని అడగండి. కూర్చోగానే, ఆర్డర్ కంటే ముందే చూపించండి. మందు మాత్రం బ్యాగ్‌లో ఉండాల్సిందే.

6. క్యాష్ తీసుకెళ్లండి. యూపీఐకి అలవాటుపడిన మనకి ఇది పెద్ద షాక్. చాలా బళ్ల దగ్గర పెసో నోట్లే నడుస్తాయి.

7. ఐపీ68 ఉంది కదా అని సముద్రంలోకి ఫోన్ తీసుకెళ్లకండి. ఆ టెస్ట్ మంచినీళ్లలో చేస్తారు, ఉప్పునీటికి కాదు. తడి, నిమ్మరసం వేళ్లతో టచ్ స్క్రీన్ పనిచేయదు కూడా. టిష్యూ ముందు, ఫోన్ తర్వాత.

చివరగా ఒక మాట

తిరుగు బస్సులో ఉండగా ఫోన్‌లో నోటిఫికేషన్ వచ్చింది. నీలం టార్పాలిన్ షాపు పేరు వేసి, అక్కడ మీ అనుభవం ఎలా ఉందో రేట్ చేయమని. మేం అక్కడ ఒక్క ముద్ద కూడా తినలేదు. రుచికి నేనేం స్టార్లు ఇవ్వను?

అందుకే తిన్నట్టు రాయకుండా, జరిగింది మాత్రమే రాశాను. కూర్చోగానే రొయ్యల చారు ఇస్తారు, అలర్జీ ఉన్నవాళ్లు ముందే చెప్పండి. చేపకీ రొయ్యకీ నూనె ఒకటే. అడిగితే నిజం చెప్తారు. మేం ఏమీ తినలేదు. ట్రాన్స్‌లేటర్‌తో స్పానిష్‌లో కూడా పెట్టాను.

మా వాడు పక్క సీట్లోంచి చదివి, "ఆ కప్పు ఎత్తేముందు ఇలాంటిది ఒక్కటి కనపడినా బాగుండేదిరా" అన్నాడు.

నిజమే. ముందు రోజు ఆ షాపు రివ్యూలు తిరగేస్తే కనపడింది "సూపర్", "వరస్ట్", "సర్వీస్ స్లో" మాత్రమే. అలాంటివి నేనూ బోలెడు రాశాను. ఈసారి మీరు ఎక్కడ తిన్నా, స్టార్లు నొక్కే ముందు పక్కవాడికి పనికొచ్చే ఒక నిజం రాయండి. ఎన్నింటికి కట్టేస్తారు, ఏ చేప, నూనె ఒకటేనా... ఏదో ఒకటి. మన తర్వాత ఆ కుర్చీలో కూర్చునేది ఎవడో మనకి తెలియదు.